వరుస చెప్పని లెక్కలు

స్ప్రెడ్‌షీటు చరిత్ర వ్రాసేవారు సాధారణంగా 1979తో మొదలుపెడతారు. హార్వర్డు బిజినెస్ స్కూలు విద్యార్థి డాన్ బ్రిక్లిన్, ఆయన మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్, యాపిల్ 2 కంప్యూటరు, విసికాల్క్ - ఈ కథ మనలో చాలామందికి తెలిసినదే. నాకు మాత్రం ఇంకో పదేళ్ళు వెనక్కి వెళ్ళి, 1969 నుండి చెప్పుకురావడమే న్యాయమనిపిస్తుంది. కారణం ఉంది. 2005 ప్రాంతంలో ప్రాసెసర్లు ఒకటికి రెండుగా, రెండుకు నాలుగుగా చీలడం మొదలైనప్పుడు ప్రోగ్రాములు వ్రాసే పండితులంతా తలలు పట్టుకున్నారు. లెక్కల గుమాస్తాలు వ్రాసుకున్న పట్టికలు మాత్రం, ఒక్క అక్షరమైనా మార్చే అవసరం లేకుండా, ఆ కోర్లలో చాలాభాగాన్ని పనిలో పెట్టుకోగలిగాయి. ఆ వెసులుబాటు అప్పటికప్పుడు పుట్టినది కాదు. దాని విత్తనం 1969లోనే పడింది.

(పరిభాష గురించి ఒక్క మాట. స్ప్రెడ్‌షీటును "లెక్కల పట్టిక" అనీ, సెల్లును "గడి" అనీ, ఫార్ములాను "సూత్రం" అనీ వ్రాస్తున్నాను. కోరు, థ్రెడ్డు అనే మాటలను అలాగే ఉంచేశాను. "దారం" అని వ్రాసి చూశాను గానీ చదువరి దృష్టి బట్టల దుకాణం వైపు పోతుందేమోనని విరమించుకున్నాను. మిత్రులకు ఇంతకంటే మంచి మాట తడితే చెప్పండి.)

మామూలు ప్రోగ్రాము ఒక ఆజ్ఞల జాబితా. ముందు ఇది చెయ్యి, తరువాత అది చెయ్యి, అది పూర్తయ్యాక ఈ మూడవది చెయ్యి అని వ్రాసేవాడు వరుస నిర్ణయిస్తాడు. యంత్రం ఆ వరుసను దాటడానికి వీల్లేదు. లెక్కల పట్టికలో అలా కాదు. "ఈ గడిలోని విలువ ఆ రెండు గడుల మొత్తం" అని సంబంధం మాత్రమే చెబుతాం. ఆ మొత్తం ఎప్పుడు కట్టాలి, దేని తరువాత కట్టాలి అన్నది చెప్పం. మన పాత షావుకార్ల చిట్టాలో పద్దులు జరిగిన వరుసలోనే పడతాయి. ఆవర్జాలో అలా కాదు, ఏ ఖాతా మొత్తం ముందు కట్టినా, ఏది తరువాత కట్టినా చివరి లెక్క ఒక్కటే. లెక్కల పట్టిక స్వభావరీత్యా ఆవర్జా జాతికి చెందినది.

అయితే ఈ స్వభావం మొదటి నుండీ అందరికీ స్పష్టంగా కనబడలేదు. 1969లో రెనే పార్దో, రెమీ లాండో అనే ఇద్దరు లాన్‌పార్ అనే వ్యవస్థను తయారుచేశారు. బెల్ కెనడా, ఏటీ అండ్ టీ, జనరల్ మోటార్స్ వంటి పెద్ద సంస్థలు తమ బడ్జెట్ల లెక్కలకు దానిని వాడాయి. బడ్జెట్ పత్రంలో మొత్తాలు పైన, వివరాలు క్రింద ఉండవచ్చు. మొదటి పుటలోని అంకె ఎక్కడో పదవ పుటలోని అంకెమీద ఆధారపడవచ్చు. వాడేవాడు సూత్రాలను తన ఇష్టం వచ్చిన చోట వ్రాసుకుంటాడు, ఏది ముందు లెక్కించాలో యంత్రమే కనుక్కుంటుంది - ఇదీ వారి ఆలోచన. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ వరుస నిర్ణయించే బాధ్యతను మనిషి నుండి తీసి యంత్రానికి అప్పగించడం ఆనాటికి చిన్న సంగతి కాదు.

1970లో వారు పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఇది గణితం తప్ప మరేమీ కాదని పేటెంటు కార్యాలయం త్రోసిపుచ్చింది. వ్యవహారం అమెరికా న్యాయస్థానం దాకా పోయి, 1982లో వారికి అనుకూలంగా తీర్పు వచ్చింది. చివరికి 1983 ఆగస్టులో పేటెంటు చేతికొచ్చింది. దరఖాస్తుకూ మంజూరుకూ నడుమ పదమూడేళ్ళు! ఆ వ్యవధిలో లెక్కల పట్టికల ప్రపంచమే మారిపోయింది. తరువాత ఆ పేటెంటు హక్కులతో రెఫాక్ అనే సంస్థ లోటస్ కంపెనీమీద దావా వేసింది. దరఖాస్తుకు మద్దతుగా సమర్పించిన ప్రమాణపత్రాలలో చెప్పవలసిన సంగతులు చెప్పలేదన్న కారణంతో, ఆ పేటెంటును అమలు చేయించుకోవడానికి వీల్లేదని 1996లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది. న్యాయపరంగా ఆ తీర్పు సబబే కావచ్చు. దాని మూలాన ఆ ఇద్దరి పేర్లూ కోర్టు కాగితాలలోనే మిగిలిపోవడం మాత్రం నాకు కష్టంగానే తోస్తుంది.

ఇప్పుడు విసికాల్క్ దగ్గరకు వద్దాం. 1979లో వచ్చిన ఈ ప్రోగ్రాముకు వరుస కనుక్కునే తెలివి లేదు. అది రచయితల లోపమని నేననను. యాపిల్ 2లోని 6502 ప్రాసెసరు వేగం ఒక మెగాహెర్ట్జు. జ్ఞాపకశక్తి కిలోబైట్లలో. అంత ఇరుకు గదిలో 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసల పట్టికను ఇమిడ్చారు. ఏ గడి దేనిమీద ఆధారపడుతుందో వ్రాసిపెట్టుకోవడానికి చోటెక్కడిది? అందువల్ల పై ఎడమ మూల నుండి మొదలుపెట్టి నిలువుగానో అడ్డంగానో ఒక్కొక్క గడినే లెక్కించుకుంటూ పోయేది. నిలువా, అడ్డమా అన్నది వాడేవాడే ఎంచుకోవాలి. పై గడిలోని సూత్రం క్రింది గడిని చూస్తుంటే పై గడికి పాత విలువే దక్కేది. అప్పుడు ఆశ్చర్యార్థక గుర్తు మీట నొక్కితే మళ్ళీ ఒకసారి మొదటి నుండి లెక్కించేది. ఒక్కోసారి రెండు మూడు సార్లు నొక్కవలసి వచ్చేది. ఎన్నిసార్లు నొక్కితే లెక్క నిలకడకు వస్తుందో వాడేవాడు తెలుసుకుని ఉండాలి. అంటే లాన్‌పార్ తీసేసిన బరువు తిరిగి మనిషి భుజం మీదికే వచ్చిందన్నమాట.

1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3 ఈ బరువును మళ్ళీ దించింది. మిచ్ కపోర్ స్థాపించిన ఆ కంపెనీలో జోనాథన్ సాక్స్ వ్రాసిన ఈ ప్రోగ్రాములో, నిలువు, అడ్డం పద్ధతులతో పాటు "సహజ క్రమం" అనే మూడవ పద్ధతి ఉండేది. ఏ గడికి ఏ గడి అవసరమో చూసుకుని, అవసరమైనదాన్ని ముందు లెక్కించడమే ఆ సహజ క్రమం. ఐబీఎం పీసీలోని 8088 ప్రాసెసరు వేగం 4.77 మెగాహెర్ట్జులు మాత్రమే అయినా, ప్రోగ్రామంతా అసెంబ్లీ భాషలో వ్రాయడం వల్ల అది పరుగులు తీసింది.

1985లో మెకింటాషు కోసం ఎక్సెల్ వచ్చింది. దాని రూపశిల్పులలో ముఖ్యుడైన డగ్ క్లుండర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒక అంకె మారినప్పుడు పట్టికంతా ఎందుకు లెక్కించాలి? ఆ అంకె మీద ఆధారపడిన గడులను, వాటి మీద ఆధారపడిన గడులను మాత్రం లెక్కిస్తే చాలదా? "రీకాల్క్ ఆర్ డై" అన్నది ఎక్సెల్ బృందం నినాదం. తిరిగి లెక్కించు, లేదా చావు! బీభత్సంగా ఉన్నా, ఆ బృందం ప్రాణం ఎక్కడుందో చెప్పే మాట అది.

ఆ పని జరిగే తీరు కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదనే నడుస్తుంది. ఎక్సెల్ తన సూత్రాలన్నింటినీ ఒక గొలుసుగా పెట్టుకుంటుంది. మొదటి నుండి ఒక్కొక్కటే లెక్కిస్తూ పోతుంది. ఒక సూత్రానికి కావలసిన గడి ఇంకా లెక్కకు రాలేదనుకోండి. అప్పుడు ఆ సూత్రాన్ని పక్కన పెట్టి, కావలసిన గడిని ముందు లెక్కించి, తరువాత దీని సంగతి చూస్తుంది. అలా సరిదిద్దుకున్న వరుసను గుర్తుంచుకుంటుంది. అందుకే రెండవసారి లెక్కించినప్పుడు మొదటిసారి కన్నా తక్కువ సమయం పట్టవచ్చు. ఈ గొలుసుతో పాటు, ఏ గడి మారితే ఏయే గడులు మాసిపోతాయో చెప్పే ఒక పటం కూడా దాని దగ్గర ఉంటుంది.

ఈ పటం ఒక బీద యంత్రం కోసం గీసినది. ఉన్న ఒక్క ప్రాసెసరుకు పని తగ్గించడమే దాని ఉద్దేశం. అది ఇరవై ఏళ్ళ తరువాత సంపన్న యంత్రానికి అక్కరకు వస్తుందని 1985లో ఎవరైనా ఊహించారని నేననుకోను.

ఆ ఇరవై ఏళ్ళలో లెక్కల పట్టికలు వేగంగా నడవడానికి ఎవరూ ప్రత్యేకంగా కష్టపడనక్కరలేకపోయింది. కొత్త కంప్యూటరు కొంటే చాలు, పాత పట్టికే వేగంగా నడిచేది. 1979లో ఒక మెగాహెర్ట్జు ఉన్న ప్రాసెసరు వేగం 2004 నాటికి పెంటియం 4లో 3.8 గిగాహెర్ట్జులకు చేరింది. అక్కడే బండి ఆగింది. నాలుగు గిగాహెర్ట్జుల పెంటియం 4ను తెస్తామన్న ఇంటెల్ 2004 అక్టోబరులో ఆ ఆలోచనను మానుకుంది. వేగం పెంచేకొద్దీ చిప్పు కాగే పెనమైపోతోంది, ఆ వేడిని బయటికి పంపే ఉపాయం లేదు. ఐబీఎం తన పెద్ద యంత్రాల కోసం 2001లోనే పవర్4 చిప్పులో రెండు కోర్లు పెట్టింది. 2005లో ఇంటెల్, ఏఎండీలు రెండు కోర్ల ప్రాసెసర్లను బల్లమీది కంప్యూటర్లకూ తెచ్చాయి. ఆ ఏడాదే హెర్బ్ సట్టర్ ప్రోగ్రామర్లను హెచ్చరిస్తూ వ్రాసిన వ్యాసం చాలా పేరు పొందింది. ఉచిత భోజనం అయిపోయిందన్నది దాని సారాంశం. ఇకపై యంత్రం మారినంత మాత్రాన ప్రోగ్రాము వేగం పెరగదు, దానిని అనేక కోర్లు పంచుకునేలా తిరగరాయాలి.

భోజనం మాట వచ్చింది కనుక మన పెళ్ళి వంటశాలనే తీసుకుందాం. కూరలు తరగడానికి ఎనిమిదిమంది కూర్చుంటే పని ఎనిమిదో వంతు సమయంలో అయిపోతుంది. కానీ పప్పు ఉడకకముందే తాలింపు పెట్టలేం. అక్కడ ఎనభైమంది ఉన్నా పొయ్యి దగ్గర నిలబడి చూడవలసిందే. జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పినది ఇదే. అరవై సెకన్లు పట్టే లెక్కలో పన్నెండు సెకన్ల పని ఒకదాని వెంట ఒకటిగా తప్ప జరగదనుకుందాం. మిగిలిన నలభై ఎనిమిది సెకన్ల పనిని ఎనిమిది కోర్లకు పంచితే ఆరు సెకన్లు. మొత్తం పద్దెనిమిది. ఎనిమిది కోర్లు పెట్టి సాధించిన వేగం మూడు రెట్ల పైచిలుకే. వెయ్యి కోర్లు పెట్టినా ఆ పన్నెండు సెకన్లు పన్నెండు సెకన్లే.

మరి ఏది కూరలు తరగడం, ఏది తాలింపు అని ఎవరు చెప్పాలి? మామూలు ప్రోగ్రాములో కష్టమంతా అక్కడే ఉంది. ఆజ్ఞల జాబితాను చూసి, ఇందులో ఏ వరుస నిజంగా అవసరం, ఏది వ్రాసినవాడి అలవాటు అని యంత్రం కనుక్కోవడం దుర్లభం. లెక్కల పట్టికలో ఆ చిక్కు లేదు. ఆధారాల పటం అప్పటికే ఉంది. ఒకదాని పేరు ఒకటి ఎత్తని రెండు గడులను ఇద్దరు వేర్వేరుగా లెక్కించుకోవచ్చు. అందుకనే 2007లో వచ్చిన ఎక్సెల్, గొలుసును శాఖలుగా విడదీసి వేర్వేరు థ్రెడ్లకు అప్పగించడం మొదలుపెట్టగానే, పాత పట్టికలు సైతం ఆ లాభాన్ని అందుకున్నాయి. ఒక థ్రెడ్డుకు కావలసిన గడి ఇంకా సిద్ధంగా లేకపోతే ఆ సూత్రాన్ని వాయిదా వేయాలి. పాత గొలుసు పద్ధతిలోని వాయిదాయే ఇక్కడా. ఆ కూర్పులోనే పట్టిక పరిమాణం 65,536 అడ్డు వరుసలు, 256 నిలువు వరుసల నుండి 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలకు పెరిగింది. గడుల సంఖ్య లెక్కన 1024 రెట్లు. చిత్రంగా, థ్రెడ్ల సంఖ్యకు ఎక్సెల్ పెట్టిన పరిమితి కూడా 1024. పెద్ద పట్టికను లెక్కిస్తున్నప్పుడు క్రింది పట్టీలో ఎన్ని థ్రెడ్లు పనిచేస్తున్నాయో కనబడుతుంది. ఆ అంకెను చూసేవారు అరుదు.

పట్టిక వ్రాసినవారు ఏ లెక్కల గుమాస్తాలో, ఇంజనీర్లో, బడి పంతుళ్ళో. సమాంతర గణన అనే మాట కూడా విని ఉండరు. వారు వ్రాసినది సమాంతర ప్రోగ్రామే! కంప్యూటరు శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వరుసలేని భాషలను నిర్మించి ప్రోగ్రామర్ల చేత వాడించాలని శ్రమపడుతూ వచ్చారు. వాటిలో దేనికీ దక్కనంత ప్రచారం ఒక లెక్కల పుస్తకానికి దక్కింది.

ఇంతా చెప్పి, వెనుకబడ్డవాటి సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. వరుస ఎక్కడ తిరిగి తలయెత్తుతుందో అక్కడ కోర్లు చేతులు కట్టుకుని నిలబడతాయి. 1993లో ఎక్సెల్ 5తో వచ్చిన వీబీఏ అచ్చంగా ఆజ్ఞల భాష. దానిలో వ్రాసుకున్న ఫంక్షన్లను ఎక్సెల్ ప్రధాన థ్రెడ్డు మీద మాత్రమే నడుపుతుంది. ఆ ఫంక్షను లోపల ఏ గడిని తాకుతుందో, ఏమి మారుస్తుందో ఎక్సెల్‌కు ముందుగా తెలియదు, కనుక నమ్మదు. సీ భాషలో వ్రాసి ఎక్స్‌ఎల్‌ఎల్ రూపంలో జోడించే ఫంక్షన్లకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. నమోదు చేసేటప్పుడు "$" గుర్తు చేరిస్తే, ఇది ఎన్ని థ్రెడ్ల మీద నడిచినా ప్రమాదం లేదని వ్రాసినవాడు హామీ ఇచ్చినట్టు. ఆ హామీ అబద్ధమైతే ఫలితం ఎక్సెల్ బాధ్యత కాదు. ఇక ఇన్‌డైరెక్ట్ అనే ఫంక్షను సంగతి. గడి చిరునామాను నేరుగా చెప్పకుండా మాటల రూపంలో అప్పటికప్పుడు కూర్చి చెబుతుంది. ఆధారం ఏమిటో లెక్కించేదాకా తెలియదు, పటంలో గీత గీయడానికి లేదు. అందువల్ల అదీ ఒంటరిగానే నడవాలి.

నేను కొన్నాళ్ళు పనిచేసిన ఒక కార్యాలయంలో నెలాఖరు లెక్కల పట్టిక ఒకటి ఉండేది. పన్ను శ్లాబులను లెక్కించడానికి ఎవరో పూర్వీకులు వీబీఏలో ఫంక్షను వ్రాసి వేల గడులలో పెట్టి వెళ్ళారు. పట్టిక నత్తనడక నడుస్తోందని పై అధికారులు ఎక్కువ కోర్ల కంప్యూటరు కొన్నారు. ఒక కోరు చెమటలు కక్కుతుంటే మిగతావి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాయి. తరువాత వచ్చిన ఒక అమ్మాయి ఆ ఫంక్షనును తీసేసి, శ్లాబులను పక్కన చిన్న పట్టికగా వ్రాసి, మామూలు సూత్రాలతో వెదికించింది. డబ్బు ఖర్చుతో కాని పని అలా అయింది.

అయితే కోర్లన్నీ పనిచేయడమే గొప్ప అనుకోవడం కూడా పొరపాటే. బ్యాంకు పుస్తకంలోలాగా ప్రతి వరుసలోనూ అంతవరకు వచ్చిన నిలువను చూపాలనుకుందాం. ఒక పద్ధతి - పై గడిలోని నిలువకు ఈ వరుస మొత్తాన్ని కలపడం. ఇది ఒక పొడవాటి గొలుసు. పదివేల వరుసలుంటే పదివేల కూడికలు, ఒకదాని వెంట ఒకటి, ఎన్ని కోర్లున్నా అంతే. ఇంకో పద్ధతి - ప్రతి గడిలోనూ మొదటి వరుస నుండి ఇక్కడిదాకా మొత్తం కట్టమనడం. ఇక్కడ ఏ గడికీ ఇంకో నిలువ గడితో పనిలేదు, అన్నింటినీ ఒకేసారి పంచవచ్చు. కానీ మొత్తం కూడికలు 5,00,05,000! ఎనిమిది కోర్లు సమానంగా పంచుకున్నా ఒక్కో కోరుకు అరవై రెండు లక్షల పైన. ఒంటరి కోరు చేసే పదివేల కూడికల ముందు ఇది ఎందుకు పనికొస్తుంది? ఎక్సెల్ నిదానంగా ఉందని వచ్చే ఫిర్యాదులలో చాలావాటికి మందు కోర్లలో కాక ఇటువంటి సూత్రాలలో ఉంటుందని నా నమ్మకం.

లిబ్రెఆఫీసువారిది వేరే దారి. వారి కాల్క్ పాత కూర్పులలో ఒక్కొక్క గడీ జ్ఞాపకంలో ఎక్కడో ఒకచోట విడి వస్తువుగా పడి ఉండేది. కోర్లు ఎన్నున్నా, అంకెలను జ్ఞాపకం నుండి ఏరి తెచ్చుకోవడానికే సమయం పోతే ప్రయోజనమేమిటి? 2014 జనవరిలో వచ్చిన 4.2 కూర్పుకు ఆ నిర్మాణాన్ని విప్పి, ఒక నిలువు వరుసలోని ఒకే జాతి గడులను పక్కపక్కనే పేర్చారు. పై నుండి క్రిందికి లాగి నింపిన సూత్రం వేయి గడులలో ఉన్నా అది ఒకే సూత్రమని గుర్తించి, ఆ గుంపునంతా ఒకేసారి లెక్కించే ఏర్పాటు చేశారు. మొదట ఓపెన్‌సీఎల్ ద్వారా బొమ్మలు గీసే ప్రాసెసర్ల మీద, తరువాతి కూర్పులలో మామూలు కోర్ల మీద కూడా. ఎక్సెల్ శాఖలను వెదికితే, కాల్క్ ఒకే పోలిక ఉన్న గడుల బారులను వెదికింది. మన అలవాట్లను బట్టి చూస్తే రెండవదానిలో లోకజ్ఞానం కనబడుతుంది. లెక్కల పట్టికలో సూత్రాలను ఒక్కొక్కటిగా వ్రాసేవారెవరు, ఒకటి వ్రాసి క్రిందికి లాగేవారే కదా!

2010లో మైక్రోసాఫ్టు ఇంకా ముందుకు పోయి, ఎక్సెల్ లెక్కలను కంప్యూటర్ల గుంపుకు పంపే ఏర్పాటు కూడా చేసింది. బ్యాంకులవంటి పెద్ద సంస్థల అవసరం అది, మనబోటివారికి దూరం.

చివరగా వలయాల సంగతి. ఎ1 గడి బి1 మీద, బి1 తిరిగి ఎ1 మీద ఆధారపడితే సహజ క్రమమనేదే ఉండదు. వడ్డీ అప్పు మీద, అప్పు వడ్డీ మీద ఆధారపడే లెక్కలలో ఇటువంటివి కావాలనే పెడతారు. అనుమతిస్తే ఎక్సెల్ వాటిని పదేపదే లెక్కిస్తుంది. మనం మార్చకపోతే నూరుసార్ల వరకు, లేదా మార్పు 0.001 కంటే తగ్గేవరకు. ఈ గడులను అనేక థ్రెడ్లకు పంచదు. ఆధారాల పటాన్ని పక్కన పెట్టి, ఒక్కొక్క షీటునే తీసుకుని, ఎడమ నుండి కుడికి, పై నుండి క్రిందికి, ఒక్కొక్క గడినే లెక్కించుకుంటూ పోతుంది. 1979లో విసికాల్క్ చేసినట్టే. ఆశ్చర్యార్థక గుర్తు మీటను మనం నొక్కనక్కరలేదు, అంతే తేడా.